కుటుంబరావుగారి అబ్బాయి

బోసు రోడ్డులో ఒకప్పుడు రేడియోలు బాగుచేసే కొట్లు వరసగా ఉండేవి. ఇప్పుడు తెనాలి మొత్తం మీద అలాంటివి ఒకటీ అరా మిగిలాయి. మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా మూలపడి ఉన్న యాంప్లిఫయరును పట్టుకుని ఈమధ్య అలాంటి కొట్టుకు వెళ్ళి కూర్చున్నాను. ఆ కుర్రవాడు వేడెక్కిన సాల్డరింగు ఐరను కొనను రోజిను డబ్బాలో ఒక్కసారి అద్ది పైకి తీశాడు. సన్నటి తెల్లని పొగ లేచింది. కొంచెం గుగ్గిలాన్ని, కొంచెం కాలిన చెక్కను తలపించే ఆ ఘాటు ముక్కుకు తగలగానే నేను తెనాలిలో లేను. వాల్తేరు కొండ మీద, సముద్రపు గాలికి కిటికీ రెక్కలు కొట్టుకునే లాబరేటరీలో, ఇరవై ఏళ్ళ కుర్రవాడినై స్టూలు మీద కూర్చుని ఉన్నాను.

ఆ లాబరేటరీ గుర్తుకు వస్తే, నాకన్న కొన్నేళ్ళ ముందు అదే విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్సు చదివి వెళ్ళిన ఒక మనిషి కూడా తప్పకుండా గుర్తుకు వస్తారు. ఆయనను నేను ఎప్పుడూ కలుసుకోలేదు, ఉత్తరం కూడా రాయలేదు. అయినా నా జీవితంలో నేను ప్రేమించిన మూడు విషయాలు, అంటే తెలుగు వచనం, భౌతికశాస్త్రం, సంగీతం, ఆ మూడింటి దగ్గరా ఆయన ఉన్నారు. ఆయన కొడవటిగంటి రోహిణీప్రసాద్. మా ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పుకునే పద్ధతిలో చెప్పాలంటే, కుటుంబరావుగారి అబ్బాయి.

*

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్సు శాఖను నిలబెట్టినవారు స్వామి జ్ఞానానంద. కాషాయం కట్టిన సన్యాసి ఒకరు పరమాణు కేంద్రకాల మీద పరిశోధన చేయించారన్న విషయం మా తరం విద్యార్థులకు ఒక పురాణకథ లాగా చేరింది. మేము చేరేనాటికి ఆయన లేరు కాని, ఆయన పేరు మాత్రం వరండాలలో వినిపిస్తూనే ఉండేది.

అక్కడ మా పని రాత్రిళ్ళు ఎక్కువగా సాగేది. పగలు వోల్టేజి నిలకడగా ఉండదు. రాత్రి పదకొండు దాటాక కాస్త స్థిమితపడుతుంది. సీసపు ఇటుకలను ఒక్కొక్కటే మోసుకొచ్చి చిన్న గూడు కట్టేవాళ్ళం. చూడటానికి పిడికెడు ఉండే ఆ ఇటుక ఎత్తబోతే నడుము పట్టేసేది. ఆ గూటి నడుమ అల్యూమినియం డబ్బాలో మూసిపెట్టిన సోడియం అయొడైడ్ స్ఫటికం ఉండేది. గామా కిరణం వచ్చి తగిలినప్పుడల్లా ఆ స్ఫటికంలో కంటికి ఆనని మెరుపు ఒకటి పుడుతుంది. స్ఫటికం అడుగున అతికించిన ఫొటోమల్టిప్లయరు గొట్టం ఆ మెరుపును పట్టుకుని లక్షల రెట్లు పెంచి విద్యుత్తుగా మార్చి ఇస్తుంది. బయటి వెలుతురు ఒక్క చుక్క లోపలికి పోయినా లెక్క అంతా పాడవుతుంది కాబట్టి నల్లటి టేపును చుట్టిన చోటే మళ్ళీ చుట్టేవాళ్ళం. రేడియోధార్మిక మూలం ఏదీ పెట్టకుండానే ముందు ఒక గంట సేపు లెక్క తీయాలి. గోడల్లోంచి, నేలలోంచి, ఆకాశంలోంచి వచ్చే కిరణాలే ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలిసేది. చుట్టూ ఏమీ లేదని మనం అనుకునే చోట అన్ని వందల మెరుపులు రాలుతున్నాయని మొదటిసారి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ స్ఫటికం ఎక్కడినుంచి వస్తుంది, ఎవరు తయారు చేస్తారు అని అప్పట్లో అడగాలని నాకు తోచలేదు. పరికరం అంటే బీరువాలో ఉండేది అనుకునే వయసు అది. రోహిణీప్రసాద్‌గారు ఇక్కడ ఎమ్మెస్సీ చదివి బొంబాయి వెళ్ళి, భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా చేరి, రేడియేషన్‌ను పసిగట్టే స్ఫటికాలను తయారు చేసే పని మీదే ఉన్నారని నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది.

*

ఆయన పేరు తెలియడానికి చాలా ముందే, వాళ్ళ నాన్నగారి మాటలతో నేను పెరిగాను. ఆ మాట నాకు మాత్రమే కాదు, తెలుగు దేశంలో నా వయసు పిల్లలందరికీ వర్తిస్తుంది.

మా ఇంటికి చందమామ నెల మొదట్లో వచ్చేది. పోస్టు బంట్రోతు సైకిలు గంట వినగానే అక్కయ్యా నేనూ వీధి అరుగు మీదికి పరుగెత్తేవాళ్ళం. ముందు ఎవరి చేతికి అందితే వాళ్ళకే సీరియలు చదివే హక్కు. రెండోవాళ్ళు బేతాళ కథతో సరిపెట్టుకోవాలి. కొత్త పుస్తకం విప్పగానే వచ్చే సిరా వాసన, చిత్రా గీసిన రాక్షసుల కోరలు, శంకర్ గీసిన విక్రమార్కుడి భుజం మీద వేలాడే శవం, చివరి పేజీల్లో ఫోటో వ్యాఖ్యల పోటీ, ఇవన్నీ ఒక క్రమంలో సాగే పండుగ లాగా ఉండేవి. రాత్రి భోజనాలయ్యాక అమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఒక కథ చదివించుకునేది. చదువు రాని మా నాయనమ్మ కూడా ఆ కథలు వినగానే అర్థం చేసుకునేది. మధ్యలో ఆపి ఇదేమిటి, అదేమిటి అని అడగవలసిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు.

తాలూకా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన మా నాన్నగారు చందమామను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఒకే మాట అనేవారు: "ఇదంతా మన ఊరివాళ్ళ పనేరా." పత్రికను నాగిరెడ్డిగారితో కలిసి మొదలుపెట్టిన చక్రపాణిగారిది మా ఐతానగరం. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను తన చేతులతో నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారు కూడా తెనాలిలో పుట్టినవారే. ఆయన పేరు సంపాదకుడుగా పత్రికలో కనిపించేది కాదు. ఎక్కడెక్కడినుంచో ఎవరెవరో పంపిన కథలన్నీ ఆయన కలం కింద తిరిగి పుట్టి, ఒకే గొంతుతో మాట్లాడేవి. అలంకారం లేదు, ఊకదంపుడు లేదు, ఉపదేశం అసలే లేదు. "ఒక ఊళ్ళో ఒక రైతు ఉండేవాడు" అనే చోట ఆ రైతు ఎంత మంచివాడో ఆయన చెప్పరు. రైతు ఏం చేశాడో చెబుతారు. మిగతాది పిల్లలకు వదిలేస్తారు.

కుటుంబరావుగారు గొప్ప నవలాకారుడన్న సంగతి నాకు ఇంటర్మీడియెట్‌లో, శాఖా గ్రంథాలయంలోని బల్ల ముందు తెలిసింది. అక్షరాభ్యాసంతో మొదలయ్యే "చదువు" నవలను నేను మూడు సాయంత్రాలు కూర్చుని పూర్తి చేశాను. మధ్యతరగతి ఇళ్ళలో చదువు కోసం పడే ఆరాటమూ, ఆ చదువు చివరికి దేనికి పనికివస్తుందో తెలియని అయోమయమూ మా ఇంట్లో నేను రోజూ చూస్తున్నవే. ఆ వయసులో నన్ను అంతకన్న ఎక్కువగా పట్టుకున్నది ఆయన జీవితంలోని ఒక వివరం. కుటుంబరావుగారు స్వయంగా భౌతికశాస్త్ర విద్యార్థి. కాశీ వెళ్ళి హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీలో చేరారు. ప్రపంచమంతటినీ కుదిపిన ఆర్థికమాంద్యం రోజుల్లో ఆ చదువు సగంలో ఆగిపోయింది.

ఆగిపోయిన ఆ చదువును కొడుకు పూర్తి చేయడమే కాక, దానిలోనే డాక్టరేటు పొంది, దానినే జీవనోపాధి చేసుకున్నారు. ఇందులో తండ్రి పట్టుదల ఏమన్నా ఉందో లేదో నేను చెప్పలేను. వైజ్ఞానిక దృష్టిని కథల్లోనూ, వ్యాసాల్లోనూ, ఇంట్లో మాటల్లోనూ విడిచిపెట్టని మనిషి ఇంట్లో పెరిగిన పిల్లవాడికి ప్రకృతిని ప్రశ్నించడం కొత్తగా నేర్పవలసిన అవసరం ఉండదని మాత్రం నా నమ్మకం.

*

ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. రోహిణీప్రసాద్‌గారు 1949 సెప్టెంబరు 14న పుట్టారు. తల్లి వరూధినిగారు. ఆమె సోదరుడు కొమ్మూరి సాంబశివరావుగారు. డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని అసిస్టెంటు రాజును సృష్టించి ఒక తరం తెలుగు పాఠకులను రైళ్ళలోనూ బస్టాండుల్లోనూ కట్టిపడేసిన రచయిత ఆయనే. కొమ్మూరివారంటే చలంగారి వంశమే. అంటే ఆ పిల్లవాడికి ఒక పక్క నుంచి కుటుంబరావు, ఇంకో పక్క నుంచి కొమ్మూరివారు. ఇంటికి వచ్చేపోయేవాళ్ళలో రచయితలు, చిత్రకారులు, సినిమావాళ్ళు. మద్రాసులో తెలుగు సినిమా, తెలుగు పత్రిక రెండూ ఒకే పేటలో ఊపిరి పోసుకుంటున్న కాలం అది. వడపళనిలో చందమామ బిల్డింగ్సు ఒక వైపు, విజయా స్టూడియో ఒక వైపు.

అటువంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడు కథకుడు కావాలనే లోకం ఎదురుచూస్తుంది. పెద్ద నవలాకారుడి కొడుకు నవల రాస్తే ప్రచురించడానికి పత్రికలు ఎదురువస్తాయి. పోల్చడానికి విమర్శకులూ సిద్ధంగా ఉంటారు. రోహిణీప్రసాద్‌గారు ఆ దారిలోకి వెళ్ళలేదు. తండ్రి నుంచి తీసుకోవలసింది ఏమిటో ఆయనకు స్పష్టంగా తెలుసని, ఆ తీసుకున్నది కథ కాదని, వాక్యమని, చాలా ఏళ్ళ పాటు ఆయన రచనలు చదివిన మీదట నాకు అనిపించింది.

*

ఎమ్మెస్సీ అయ్యాక నా స్నేహితుడొకడు భాభా కేంద్రంవారి ట్రాంబే ట్రైనింగు స్కూలుకు ఎంపికయ్యాడు. నేను ఇంటర్వ్యూ ఒకటి ఉంటే బొంబాయి వెళ్ళి, వాడి దగ్గర కొన్నాళ్ళు ఉన్నాను. అది వర్షాకాలం. కుర్లాలో లోకలు దిగి బస్సు కోసం నిలబడితే గొడుగు ఉన్నా లేనట్లే ఉండేది. గోడలు చెమర్చేవి, అగ్గిపుల్లలు వెలగేవి కావు, ఆరేసిన బట్టలు రెండు రోజులైనా ఆరేవి కావు. ఆదివారం నాడు నలుగురు తెలుగువాళ్ళు ఒక గదిలో చేరి పప్పుచారు కాచుకునేవారు. ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ జాడీ చుట్టూ మాటలు నడిచేవి; సగం రియాక్టర్ల గురించి, సగం పెళ్ళి సంబంధాల గురించి. నాకు ఆ ఉద్యోగం రాలేదు. మా ప్రాంతంలోనే కాలేజీలో లెక్చరరుగా కుదిరి, రిటైరయ్యేదాకా అక్కడే ఫిజిక్సు చెప్పాను.

తరవాత స్ఫటికాల తయారీ గురించి చదివినప్పుడల్లా ఆ బొంబాయి తేమ నాకు గుర్తుకు వచ్చేది. మేము వాల్తేరులో వాడిన సోడియం అయొడైడ్ గాలిలోని చెమ్మను పీల్చుకుని పసుపుపచ్చగా మారి పాడైపోతుంది. అందుకే దానిని డబ్బాలో సీలు చేసి పెడతారు. ఇలాంటి లవణాన్ని ముందు మూసలో కరిగించాలి. ఆ మూసను కొలిమిలో వేడి ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు గంటకు కొద్ది మిల్లీమీటర్ల చొప్పున దించుకుంటూ రావాలి. అడుగు కొన దగ్గర మొదట ఒక చిన్న గింజ గడ్డకడుతుంది. పైనున్న ద్రవమంతా ఆ గింజ చూపిన వరసలోనే అణువు తరవాత అణువుగా పేరుకుంటూ రావాలి. రోజుల తరబడి సాగే ఈ పనిలో ఎక్కడ తొందరపడినా, ఎక్కడ కరెంటు తడబడినా స్ఫటికం లోపల పగులు పడుతుంది. పగిలిన స్ఫటికంలో మెరుపు పుట్టినా బయటికి సరిగా రాదు. ముంబయిలాంటి చోట, దేశంలోనే ఇలాంటివి తయారు చేసుకోవాలని ఆ తరం శాస్త్రవేత్తలు పట్టుబట్టి కూర్చోవడం చిన్న విషయం కాదు. మేము లెక్కలు కట్టుకున్న ప్రతి మెరుపు వెనుక అలాంటి ఓపిక ఒకటి ఉంది. దాని గురించి పత్రికలు రాయవు, సన్మానాలు జరగవు.

*

శనివారం రాత్రులు మా నాన్నగారు ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం వినేవారు. లైటు తీసేసి, రేడియో డయలు వెలుగు మాత్రం ఉంచుకుని, పడక కుర్చీలో వెనక్కి వాలేవారు. ఆయనకు కర్ణాటక సంగీతం కొంత తెలుసు. హిందూస్తానీ వస్తే మాత్రం "ఇదేదో మోహనంలా ఉందే" అని అనుమానపడుతూ వినేవారు. ఆ అనుమానం నాకు వారసత్వంగా వచ్చింది. సితార్ వింటే ఒళ్ళు పులకరించేది కాని, ఏం జరుగుతోందో తెలిసేది కాదు.

రోహిణీప్రసాద్‌గారు సితార్ వాయించేవారు. అణుకేంద్రంలో ఉద్యోగం చేస్తూనే సంగీతాన్ని జీవితమంతా వెంట ఉంచుకున్నారు. సంగీతం గురించి ఆయన రాసిన వ్యాసాలను నేను ఈమాట అనే ఇంటర్నెట్ పత్రికలో చదివాను. అమెరికాలో ఉన్న మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు కంప్యూటరు కొనిపెట్టి, తెలుగు ఎలా చదవాలో చూపించి వెళ్ళింది. నేను మొదట వెతుక్కుని చదివినవి అవే. మా నాన్నగారి అనుమానం అక్కడ తీరింది. మన మోహనమే వాళ్ళ భూప్, మన హిందోళమే వాళ్ళ మాల్‌కౌఁస్, మన కల్యాణి వాళ్ళ యమన్. స్వరాలు అవే అయినా నడక వేరు, నిలిచే చోటు వేరు. ఆ తేడాను ఆయన పండితులకోసం కాక, సినిమా పాట మాత్రమే తెలిసిన మనిషి కోసం చెప్పేవారు. మనకు నోటికి వచ్చిన పాటను తీసుకుని, అందులో రాగం ఎక్కడ తొంగిచూస్తోందో చూపించేవారు.

సితార్ మెట్టు మీద తీగను నొక్కి పక్కకు లాగితే, మెట్టు మారకుండానే స్వరం పైకి పాకుతుంది. ఒక మెట్టు మీదనే నాలుగైదు స్వరాలు పలికించవచ్చు. గొంతు ఎలా జారుతుందో తీగ అలా జారడానికి కారణం అదే. తీగ బిగువు పెరిగితే కంపనాల సంఖ్య పెరుగుతుందని నేను ఎన్నో ఏళ్ళు సోనోమీటరు బల్ల ముందు నిలబడి పిల్లలకు చెప్పాను. బరువులు వేలాడదీసి, కాగితపు ముక్క ఎగిరిపడేలా చేసి, సూత్రం రాయించి, మార్కులు వేశాను. ఆ సూత్రమే ఒక మనిషి వేలి కింద మాల్‌కౌఁస్ అవుతుందని ఆ వ్యాసాలు చదివాక గాని క్లాసులో చెప్పగలిగే ధైర్యం రాలేదు. ఆ సంవత్సరం నుంచి సోనోమీటరు ప్రయోగం రోజున టేపు రికార్డరు కూడా లాబుకు తీసుకువెళ్ళేవాడిని. వెనక బెంచీల పిల్లలు కూడా ఆ రోజు గంట కొట్టినా లేచేవారు కాదు.

*

ఆయన విజ్ఞాన వ్యాసాలు నాకు పాఠాలు చెప్పే పద్ధతిని నేర్పాయి. "విశ్వాంతరాళం" నేను కొన్న రోజునే సగం చదివాను. నక్షత్రాల దూరాలు, విశ్వం విస్తరించడం, ఇవన్నీ తెలుగులో చదివినప్పుడు సాధారణంగా రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. ఒకటి, సంస్కృత పదాల బరువుకు వాక్యం కుంగిపోతుంది. రెండు, పాఠకుడు పసివాడు అనుకుని రచయిత బుజ్జగిస్తూ ఉంటాడు. రోహిణీప్రసాద్‌గారి దగ్గర ఆ రెండూ లేవు. తెలిసినదాని దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క అడుగే వేస్తూ, కారణం చెప్పకుండా ఏ అడుగూ ముందుకు వేయకుండా తీసుకువెళతారు. ఆ పుస్తకం మధ్యలో ఒకచోట నేను చదవడం ఆపి మా ఆవిడతో, "ఇది చందమామ గొంతే" అన్నాను. పిల్లవాడిగా అరుగు మీద కూర్చుని విన్న గొంతు అది. రాజకుమారుడి బదులు ఇక్కడ నక్షత్రం ఉంది, అంతే.

"మానవపరిణామం" కూడా అలాగే చదివాను. "మనుషులు చేసిన దేవుళ్ళు" మా ఇంట్లో కొంచెం వాదానికి దారితీసింది. మా ఆవిడ రోజూ దీపం పెట్టే మనిషి. పుస్తకం ఆమె కూడా చదివింది. ఆయన చెప్పినదాన్ని ఒప్పుకోలేదు కాని, చదివేవాళ్ళ మీద కోపం లేకుండా రాశారని మాత్రం ఒప్పుకుంది. హేతువాదం పేరిట వచ్చే చాలా పుస్తకాల్లో నమ్మేవాళ్ళ మీద విసుగు కనిపిస్తుంది. మనుషులు ఎందుకు నమ్ముతారో తెలుసుకోవాలన్న కుతూహలం ఉన్నవాడికి ఆ విసుగు రాదు. తండ్రి రచనల్లోనూ ఇదే గుణం ఉంది. మూఢత్వాన్ని విడిచిపెట్టరు, మనిషిని చిన్నబుచ్చరు.

తండ్రి గురించి, చందమామ గురించి ఆయన రాసిన జ్ఞాపకాలు కూడా నేను ఎంతో ఇష్టంగా చదివాను. గొప్పవాళ్ళ పిల్లలు రాసే జ్ఞాపకాల్లో పూజో ఫిర్యాదో ఏదో ఒకటి ఎక్కువవుతుంది. ఆయన తండ్రిని ఒక పనిమంతుడిగా చూశారు. కథలు ఎలా తిరగరాసేవారో, పత్రిక ఎలా తయారయ్యేదో, ఎవరి పాలు ఎంతో చెప్పారు. సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి లాంటివారిని వెలుతురులోకి తెచ్చారు. "తోకచుక్క" నుంచి మొదలైన ఆ సీరియళ్ళు ఎవరు రాశారో తెలియకుండానే మేము పెద్దవాళ్ళమయ్యాము. ఆ బాకీ కొంత ఆయన తీర్చారు.

*

వాళ్ళ అక్కగారు శాంతసుందరిగారి గురించి చెప్పకుండా ఉండలేను. ఆమె తెలుగు, హిందీ భాషల మధ్య జీవితమంతా అనువాదాలు చేశారు. ప్రేమ్‌చంద్ భార్య శివరానీదేవి తన భర్త గురించి రాసుకున్న పుస్తకాన్ని "ఇంట్లో ప్రేమ్‌చంద్" పేరుతో ఆమె తెలుగులోకి తెచ్చారు. దానికి 2014లో కేంద్ర సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. ఒక నవలాకారుడి ఇంట్లో పుట్టిన ఆమె, మరొక నవలాకారుడి ఇంటి లోపలి సంగతులను తెలుగులో చెప్పారు. రచయిత రాసుకునే గదికి అవతల, వంటింట్లోనూ అప్పుల దగ్గరా జబ్బుల దగ్గరా ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళకు మాత్రమే పట్టుబడే పుస్తకం అది. మా ఆవిడ దానిని రెండుసార్లు చదివింది. శాంతసుందరిగారు 2020 నవంబరులో మరణించారు.

తమ్ముడు అంతకు చాలా ముందే వెళ్ళిపోయారు. 2012 సెప్టెంబరు 8. ఇంకో ఆరు రోజులకు 63 నిండేవి. ఆ వార్త తెలిసిన రోజున నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆయన సంగీత వ్యాసాలను మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. రాయవలసినవి ఆయన దగ్గర ఇంకా చాలా ఉన్నాయన్న బాధ చదువుతున్నకొద్దీ పెరిగింది. భౌతికశాస్త్రం, సంగీతం, తెలుగు వచనం మూడూ ఒకే మనిషిలో అంత చనువుగా కలిసి ఉండటం నేను మరెక్కడా చూడలేదు.

మా వీధిలోని పిల్లలు ఇప్పటికీ లెక్కలూ ఫిజిక్సూ అడగడానికి నా దగ్గరికి వస్తారు. ఇంగ్లీషు మీడియం పిల్లలు. తెలుగు చదవడం చాలామందికి కష్టం. వాళ్ళకు "విశ్వాంతరాళం" నుంచి వారానికి కొన్ని పేజీలు నేనే బయటికి చదివి వినిపిస్తున్నాను. నిరుడు మొదలుపెట్టినప్పుడు ముగ్గురే వచ్చేవారు. ఇప్పుడు అరుగు సరిపోవడం లేదు, లోపల హాల్లో చాపలు పరుస్తున్నాం. పోయిన ఆదివారం ఒక పిల్ల తాను చదువుతానని పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. కూడబలుక్కుంటూ పేజీన్నర చదివింది.